గిటారు పలక – మేము ఆలస్యంగా నేర్చుకున్న ఒక పాఠం



మన వసతి గృహం రీడింగ్ రూములో, దినపత్రికల బల్ల పక్కన, గోడకు ఒక గిటారు వేలాడుతూ ఉంటుంది. మీలో చాలామంది దాన్ని వాయించే ఉంటారు. తీగలు ముడివేసే చెక్క వెనకాల పలకను చేత్తో నిమిరి చూడండి, చిన్న ఉబ్బు తగులుతుంది. ఆ చెక్క అంచున పాత జిగురు మరక కూడా కనిపిస్తుంది. 2019లో ఒక ఆదివారం పొద్దున వార్డెన్ గారు అందరినీ వరండాలో నిలబెట్టి "ఇది ఎవరి పని?" అని అడిగారు. ఎవ్వరూ నోరు విప్పలేదు. అది మా పనే.

అప్పుడు మేము ముగ్గురం ఇంటర్ రెండో సంవత్సరం. ఈ హాస్టల్లోనే చదివి ఉద్యోగంలో చేరిన ఒక సీనియర్ అన్న తన మొదటి జీతంతో ఆ గిటారు కొనిచ్చారు. వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు, ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చదువుతున్నాం కాబట్టి ఏదైనా పెద్ద విషయం రాయాలని ముందు అనుకున్నాం. కానీ ఆ గిటారు గురించి రాయకుండా ఇంకేం రాసినా బాగుండదనిపించింది. గిటారును చేత్తో ఎలా తయారుచేస్తారు, ఈ మధ్యకాలంలో దానిలో ఏ ఏ మార్పులు వచ్చాయి, మేము చేసిన తప్పు ఎక్కడ ఉంది అన్నవి ఈ వ్యాసంలో చెబుతాం.

ముందు తప్పు సంగతి. గిటారు మొదటి తీగ తెగిపోయింది. టౌనుకు వెళ్ళి సంగీత వాయిద్యాల దుకాణంలో అడిగితే "నైలాన్ తీగలు లేవు, స్టీలువి ఉన్నాయి. తీగ తీగే కదా, వేసుకోండి" అన్నారు. మేమూ చూశాం. నైలాన్ తీగ కంటే స్టీలు తీగ సగం కూడా మందం లేదు. సన్నది కాబట్టి గిటారు మీద భారం తక్కువే పడుతుందని మాకు మేమే చెప్పుకున్నాం. ఆరు తీగలూ మార్చేశాం. శబ్దం ఘణఘణమని వచ్చింది, హాస్టలంతా చేరి విన్నారు. రెండు నెలలు గడిచాక ఒక అర్ధరాత్రి తుపాకీ పేలినట్టు చప్పుడైంది. లేచి లైటు వేసి చూస్తే, తీగలు కట్టిన చెక్క పలక మీద నుంచి ఊడి, తీగలతోపాటు వేలాడుతోంది. పలక కింది చెక్క పీచు కూడా దానితో లేచి వచ్చింది.

ఇందులో మాకు ఇప్పటికీ సిగ్గనిపించే సంగతి ఇంకొకటుంది. సరిగ్గా ఆ నెలలోనే తరంగాల పాఠం మీద యూనిట్ పరీక్ష జరిగింది. సాగదీసిన తీగ సూత్రాలు రాయమన్నారు. తీగ పౌనఃపున్యం దాని పొడవుకు విలోమానుపాతంలో, తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో, రేఖీయ సాంద్రత వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుందని పొల్లుపోకుండా రాశాం. సోనామీటరు బొమ్మ కూడా స్కేలు పెట్టి గీశాం. పూర్తి మార్కులు వచ్చాయి. ఆ సోనామీటరే రీడింగ్ రూములో గోడకు వేలాడుతోందని మాత్రం ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

అప్పుడు వేయవలసిన లెక్కను ఇప్పుడు వేద్దాం. గిటారు మొదటి తీగ పౌనఃపున్యం సెకనుకు 329.6 కంపనాలు. తీగలో కంపించే భాగం పొడవు 65 సెంటీమీటర్లు. పొడవును రెట్టించి పౌనఃపున్యంతో గుణిస్తే తీగలో తరంగ వేగం వస్తుంది. అది సెకనుకు సుమారు 428 మీటర్లు. ఈ వేగం వర్గాన్ని రేఖీయ సాంద్రతతో గుణిస్తే వచ్చేదే తన్యత. నైలాన్ మొదటి తీగ మీటరు పొడవుకు సుమారు 0.38 గ్రాములు ఉంటుంది. గుణిస్తే 70 న్యూటన్లు, అంటే దాదాపు 7 కిలోల బరువు వేలాడదీసినంత లాగుడు. ఇక 0.3 మిల్లీమీటర్ల స్టీలు తీగ చూడటానికి సన్నమే కానీ ఉక్కు సాంద్రత ఎక్కువ కాబట్టి మీటరుకు 0.57 గ్రాములు తూగుతుంది. అదే స్వరం పలకాలంటే దాన్ని 105 న్యూటన్లతో, అంటే 10.7 కిలోల బరువుతో లాగాలి. ఒక్క తీగకే ఇంత తేడా. ఆరు తీగలూ కలిపితే నైలాన్‌కు సుమారు 40 కిలోలు, స్టీలుకు దాదాపు 70 కిలోలు. ఆ గిటారు పలక మందం రెండున్నర మిల్లీమీటర్లకు మించదు. దాని మీద మేము ఒక నిండు మనిషిని ఎక్కించాం.

ఊడిన చెక్కను పట్టుకుని భయం భయంగా టౌనులో ఒక వడ్రంగి మేస్త్రీ దగ్గరకు పోయాం. ఆయన చేసేవి తలుపులు, కిటికీలు. గిటారు ముట్టుకోవడం అదే మొదటిసారి అన్నారు. గుండ్రటి రంధ్రంలోంచి చిన్న అద్దం లోపలికి దూర్చి, సెల్‌ఫోన్ లైటు వేసి చాలాసేపు చూశారు. తరవాత మా చేతికి అద్దం ఇచ్చి "చూడండి బాబూ, లోపల విసనకర్ర ఉంది" అన్నారు. నిజంగానే పలక అడుగున సన్నని చెక్క పట్టీలు, రంధ్రం దగ్గర దగ్గరగా మొదలై, కిందికి పోయేకొద్దీ విసనకర్ర పుల్లల్లా విచ్చుకుని అతికి ఉన్నాయి. వాటిలో రెండు జిగురు వదిలేశాయి. "ఈ పలక చేసినవాడు తెలివైనవాడు. ఎంత బరువు మొయ్యాలో అంతకే చేశాడు. మీరు ఏం కట్టారు దీనికి?" అని అడిగారు. మేము తల దించుకున్నాం.

ఆ విసనకర్ర ఎవరి ఆలోచన అని పీజీకి వచ్చాక వెతికాం. గిటారు తయారీలో అందరూ మొదట చెప్పే పేరు స్పెయిన్ దేశస్థుడు అంతోనియో దె టోరెస్. 1817లో అల్మెరియా దగ్గర పుట్టాడు, 1892లో చనిపోయాడు. అతను మన మేస్త్రీ లాగానే వడ్రంగి. పన్నెండో ఏట పనిలో చేరాడు. సెవియాలో గిటార్లు చేసి పేరు తెచ్చుకున్నాక కూడా, మధ్యలో కొన్నేళ్ళు ఆ పని మాని, అల్మెరియాలో పింగాణీ సామాన్ల దుకాణం పెట్టుకున్నాడు. 1875 నుంచి మళ్ళీ గిటార్లు చేశాడు. ఈ రోజు మనం చూసే క్లాసికల్ గిటారు ఆకారం, పెద్ద పొట్ట, 65 సెంటీమీటర్ల తీగ పొడవు దాదాపుగా అతని చేతిలో స్థిరపడినవే. పలక కింద పట్టీలు వేయడం అతనికంటే ముందువాళ్ళకూ తెలుసు. అతను పలకను ఇంకా పలుచన చేసి, ఏడు పట్టీలను విసనకర్రలా పరిచి, బలం పోకుండా బరువు తగ్గించాడు. అతను 1864లో చేసిన ఒక గిటారును ఫ్రాన్సిస్కో తార్రెగా అనే గొప్ప వాద్యకారుడు ఏళ్ళ తరబడి వాయించాడు.

టోరెస్ చేసిన పనుల్లో మాకు బాగా నచ్చింది 1862 నాటిది. గిటారు శబ్దం ప్రధానంగా ముందు పలక నుంచే వస్తుందని అతని నమ్మకం. దాన్ని రుజువు చేయడానికి ఒక గిటారుకు పలకను మాత్రం చెక్కతో చేసి, వెనక భాగం, పక్కలు కాగితపు గుజ్జు అట్టతో చేశాడు. ఇప్పుడు అది బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. ప్రయోగం అంటే ఇదే కదా. ఒక్క అంశాన్ని ఉంచి మిగతావాటిని మార్చి చూడటం. ప్రయోగశాల, రికార్డు బుక్కు లేకుండా ఒక వడ్రంగి చేసి చూపించాడు.

అసలు పలక ఎందుకు అంత ముఖ్యం? తీగ చాలా సన్నది. అది ఊగినప్పుడు గాలిని కోసుకుంటూ పోతుందే తప్ప గాలిని నెట్టలేదు. మీ ల్యాబులో శృతిదండాన్ని మోగించి చేత్తో పట్టుకుంటే చెవి దగ్గర పెట్టుకోవాలి. దాని కాడను బల్లకు ఆనిస్తే గదంతా వినిపిస్తుంది. బల్ల కంపించి ఎక్కువ గాలిని నెడుతుంది. గిటారులో ఆ బల్ల పని పలక చేస్తుంది. బ్రిడ్జి అనే చెక్క ద్వారా తీగ కంపనం పలకకు చేరుతుంది. వీణ మీదైతే దీన్నే గుర్రం అంటారు. పెట్టె లోపలి గాలి కూడా గుండ్రటి రంధ్రం గుండా పైకీ కిందికీ ఊగుతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే మోత లాంటిదే ఇది. క్లాసికల్ గిటారులో ఈ గాలి అనునాదం సెకనుకు సుమారు 90 నుంచి 100 కంపనాల దగ్గర ఉండి, లావు తీగల స్వరాలకు నిండుదనం ఇస్తుంది. పలక సొంత అనునాదం దానికి సుమారు రెట్టింపు దగ్గర ఉంటుంది.

శృతిదండంతో ఇంకొకటి కూడా గమనించండి. బల్లకు ఆనించినప్పుడు శబ్దం పెద్దదవుతుంది, కానీ త్వరగా ఆగిపోతుంది. దండంలో ఉన్న శక్తి కొంతే. దాన్ని బల్ల త్వరగా ఖర్చు పెట్టేస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కొత్త గిటార్ల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు పలకను చేసేవాడి కష్టం చూద్దాం. పలక బాగా కదలాలంటే తేలికగా, పలుచగా ఉండాలి. 40 కిలోల లాగుడుకు, అదీ పలక మీద నుంచి దాదాపు సెంటీమీటరు ఎత్తులో లాగే లాగుడుకు, ఆగాలంటే గట్టిగా ఉండాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. మందం తగ్గించినప్పుడు బరువు అదే పాళ్ళలో తగ్గుతుంది, కానీ బిగువు మందం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. పలకను పదో వంతు పలుచన చేశామనుకోండి. బరువు 10 శాతం తగ్గుతుంది. బిగువు మాత్రం 0.9 ఘనం, అంటే 0.729కి పడిపోతుంది. పదికి పది కాదు, పదికి ఇరవై ఏడు పోతుంది. అందుకే గిటారు చేసేవాళ్ళు చివరి అర మిల్లీమీటరు దగ్గర రోజుల తరబడి ఆగి ఆగి పని చేస్తారు. మీ ప్లాస్టిక్ స్కేలును అడ్డంగా పట్టి వంచండి, సులభంగా వంగుతుంది. నిలువుగా, అంచు పైకి పెట్టి వంచండి, కదలదు. అదే ప్లాస్టిక్కు, అదే బరువు. పలక కింద సన్నని పట్టీలను ఎత్తుగా నిలబెట్టి అతకడంలో ఉన్న రహస్యం ఇదే. కొద్ది బరువుతో ఎక్కువ బిగువు వస్తుంది.

పలకకు వాడే చెక్క స్ప్రూస్. యూరప్ కొండల్లో చలిలో మెల్లగా పెరిగే చెట్టు. 1960లలో మాడ్రిడ్‌లో రామిరెజ్ కుటుంబంలోని మూడో హోసె రామిరెజ్ ఉత్తర అమెరికా ఎర్ర సెడార్‌ను కూడా వాడుకలోకి తెచ్చాడు. దుంగను నడిమధ్య నుంచి అంచుకు, చెట్టు వయసు వలయాలు పలకకు నిలువుగా వచ్చేటట్టు కోస్తారు. కోసిన ముక్కను పుస్తకం తెరిచినట్టు రెండుగా విప్పి, మధ్యలో అతుకు వేస్తారు. మన గిటారు పలక మధ్య సన్నని గీత కనిపించేది అందుకే. పీచు వెంబడి ఆ చెక్క బిగువు, పీచుకు అడ్డంగా ఉన్న బిగువు కంటే పది రెట్లకు పైగా ఉంటుంది. ఏ రెండు చెట్లూ ఒకటి కావు. కాబట్టి చేతి పనివాడు కొలబద్దను మాత్రమే నమ్మడు. చిత్రిక పడుతూ మధ్య మధ్యలో పలకను రెండు చేతులతో వంచి చూస్తాడు, వేలి కణుపుతో తట్టి వింటాడు. ఫ్యాక్టరీలో అన్ని పలకలూ ఒకే మందానికి దిగుతాయి. అక్కడే చేతి గిటారుకు, మర గిటారుకు తేడా వస్తుంది.

వెనక భాగానికి, పక్కలకు వాడే చెక్క విషయంలో మనకు సంబంధం ఉంది. ప్రపంచంలో క్లాసికల్ గిటార్ల వెనక భాగానికి ఎక్కువగా వాడే చెక్కల్లో ఇండియన్ రోజ్‌వుడ్ ఒకటి. అది మన ఇరుగుడు చెట్టు. కొన్ని ప్రాంతాల్లో జిట్రేగి అంటారు. ఒకప్పుడు బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను గొప్పగా చూసేవారు. ఆ చెట్లు అంతరించిపోతున్నాయని 1992లో అంతర్జాతీయ ఒప్పందం కింద దాని వ్యాపారాన్ని నిషేధించడంతో మన చెక్కకు గిరాకీ ఇంకా పెరిగింది. 2017లో ఇరుగుడు కుటుంబంలోని చెట్లన్నిటికీ అనుమతి పత్రాల నిబంధన వచ్చింది. తయారైన సంగీత వాయిద్యాలకు 2019లో దాని నుంచి మినహాయింపు ఇచ్చారు. మెట్ల పలకకు వాడే నల్లటి ఎబొనీ కూడా మనకు పరాయిది కాదు. బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టుకు అది దాయాది. ఎండాకాలం సెలవుల్లో తునికాకు కోతకు పోయిన తమ్ముళ్ళు ఈ మాట ఇంట్లో చెప్పవచ్చు.

తయారీ పద్ధతి విషయానికి వస్తే, స్పెయిన్ పద్ధతిలో గిటారును బోర్లా పడుకోబెట్టి కడతారు. కొద్దిగా గుంట చేసిన ఒక బల్ల మీద పలకను పరిచి, దాని మీదే మెడను, పక్కలను, చివరకు వీపును బిగిస్తారు. పక్కలకు రెండు మిల్లీమీటర్ల రోజ్‌వుడ్ బద్దలను తడిపి, వేడి ఇనుప గొట్టం మీద ఆనించి మెల్లమెల్లగా వంచుతారు. మేదరివాళ్ళు వెదురు బద్దను కాచి వంచడం చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. తొందరపడితే ఫట్‌మని విరుగుతుంది. మెడ మడమలో రెండు గాళ్ళు కోసి, వంచిన పక్కలను అందులో దూరుస్తారు కాబట్టి మెడ, పొట్ట ఒకే ముక్కలా ఉంటాయి. అతకడానికి పాతరోజుల్లో వాడింది పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు. మన వడ్రంగులు దాన్ని వజ్రం అనేవారు. మా మేస్త్రీ కూడా ఆ పేరే చెప్పారు. ఇప్పటికీ కొందరు గిటారు పనివాళ్ళు దాన్నే వాడతారు. ఎందుకంటే ఎండాక గట్టిగా ఉంటుంది, మరమ్మతు వచ్చినప్పుడు వేడి, తడి తగిలిస్తే వదులుతుంది. చివరి మెరుపుకు లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పొర మీద పొర రుద్దుతారు.

మెట్లు అమర్చడం పూర్తిగా లెక్క. పక్క పక్క మెట్ల స్వరాల పౌనఃపున్యాల నిష్పత్తి రెండుకు పన్నెండో మూలం, అంటే సుమారు 1.0595. దీని ప్రకారం మిగిలిన తీగ పొడవును ప్రతిసారీ 17.817తో భాగించి ముందుకు జరగాలి. 650 మిల్లీమీటర్ల తీగకు మొదటి మెట్టు 36.5 మిల్లీమీటర్ల దగ్గర, దానికి 34.4 మిల్లీమీటర్ల అవతల రెండోది. పన్నెండో మెట్టు సరిగ్గా సగం, 325 దగ్గర. మెట్టు మీద తీగను నొక్కినప్పుడు తీగ కాస్త సాగి తన్యత పెరుగుతుంది కాబట్టి, దాన్ని సరిచేయడానికి బ్రిడ్జి మీది ఎముక ముక్కను ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరుపుతారు. మన వీణలో మెట్లను మైనం మిశ్రమంలో చెవితో విని అమరుస్తారు. అరిగిపోతే మైనం మార్చి మళ్ళీ అమర్చుకోవచ్చు. గిటారులో చెక్కను రంపంతో కోసి మెట్టును దిగ్గొడతారు. ఒకసారి తప్పు కోస్తే ఆ మెట్ల పలక పొయ్యిలోకే.

ఇప్పుడు ఆధునిక మార్పులకు వద్దాం. టోరెస్ కాలంలో తీగలు గొర్రె పేగుతో చేసినవి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పేగు గాయాలకు కుట్లు వేయడానికి పోవడంతో కొరత వచ్చింది. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ 1940లలో నైలాన్ తీగలు తయారుచేశాడు. సెగోవియా వాటిని ఆదరించాక అందరూ అటే మళ్ళారు. హాళ్ళు పెద్దవయ్యాయి. చివరి వరసకు కూడా వినిపించే గిటారు కావాలన్నారు. కానీ తీగలో ఉండే శక్తి పెరగదు, వేలు ఇచ్చినంతే. పలకను ఇంకా తేలిక చేయడం తప్ప దారి లేదు. ఇంకా పలుచన చేస్తే ఘనం లెక్క అడ్డం వస్తుంది.

ఆస్ట్రేలియాలో గ్రెగ్ స్మాల్‌మన్ దీనికి ఒక దారి కనిపెట్టాడు. విసనకర్ర తీసేసి, పలక కింద గళ్ళు గళ్ళుగా, కిటికీ జాలీ మాదిరిగా సన్నని పట్టీలు వేశాడు. పట్టీలు దూదిలా తేలికైన బాల్సా చెక్కవి, వాటి మీద కార్బన్ ఫైబర్ అతికాడు. బలమంతా జాలీ చూసుకుంటుంది కాబట్టి పలకను ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా దించగలిగాడు. వీపును, పక్కలను మాత్రం బరువుగా, కదలకుండా చేశాడు. కంపనం అంతా ముందుకే పోవాలని. జాన్ విలియమ్స్ అనే ప్రసిద్ధ వాద్యకారుడు 1980ల నుంచి ఆ గిటార్లే వాయించాడు.

జర్మనీలో మాథియాస్ డామన్, గెర్నోట్ వాగ్నర్ ఇంకో దారి పట్టారు. అరమిల్లీమీటరుకు కాస్త పైగా ఉన్న రెండు చెక్క పొరల మధ్య నోమెక్స్ అనే తేనెతుట్టె లాంటి పదార్థం పెట్టి ఒకే పలకగా అతికారు. విమానాల లోపలి పలకల్లో వాడే పదార్థమది. మీకు దగ్గరి ఉదాహరణ కావాలంటే మన మెస్సుకు సరుకులు వచ్చే అట్టపెట్టె. దాన్ని చించి చూడండి. రెండు పలుచని కాగితాల మధ్య అలలు అలలుగా ఒక కాగితం. మధ్యలో ఉన్నది ఎక్కువ భాగం గాలే. అయినా పెట్టె మోస్తుంది. రెండు పొరలు ఒకదానికొకటి దూరంగా ఉండటమే దాని బిగువు.

వీటిని కొందరు మెచ్చుకుంటారు, కొందరు పాత గిటారు గొంతులోని రంగు వీటిలో లేదంటారు. మా వరకు శృతిదండం చెప్పిన లెక్కే సరిపోతుంది. తేలికైన పలక తీగ శక్తిని త్వరగా లాగి పెద్ద శబ్దం చేస్తుంది, ఆ మేరకు స్వరం త్వరగా సన్నగిల్లవచ్చు. పెద్ద శబ్దమూ, ఎక్కువసేపు నిలిచే శబ్దమూ రెండూ ఉచితంగా రావు. ఏది ఎంత కావాలో తయారుచేసేవాడు తేల్చుకోవాలి. పొగడ్తలతో అమ్మేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

మిగతా మార్పులు వాయించేవాడి సౌకర్యానికి. న్యూయార్క్‌లో థామస్ హంఫ్రీ 1985లో మెట్ల పలకను పొట్ట కంటే ఎత్తుగా లేపి, పై స్వరాలకు చెయ్యి తేలిగ్గా అందేలా చేశాడు. కొందరు పక్కన చిన్న రంధ్రం పెడతారు. వాయించేవాడికే తన శబ్దం బాగా వినపడటానికి. ముంజేతికి అంచు గుచ్చుకోకుండా ఆ మూలను ఏటవాలుగా చెక్కుతారు. మెడ వంగకుండా లోపల కార్బన్ కడ్డీలు పెడతారు. చేత్తో చేసే గిటారులో ఇవన్నీ కలిపి, ఒక్క మనిషి చేతి కొలతకు తగ్గట్టు చేయగలుగుతారు.

మా ముగ్గురిలో ఒకరి నాన్న డప్పు కడతారు. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. ఈ వ్యాసం రాస్తూ సెలవుల్లో ఆయనకు ఈ పలక గోలంతా చెప్పాం. ఆయన విని "వానాకాలం డప్పు ఎందుకు మంట దగ్గర కాస్తారో మీ పుస్తకంలో ఉందా?" అని అడిగారు. మేము ఆలోచించి చెప్పాం. తోలు గాలిలోని తేమ పీల్చుకుని సాగుతుంది, తన్యత తగ్గుతుంది, శబ్దం మొద్దుబారుతుంది. మంట తగిలితే తేమ పోయి బిగుసుకుంటుంది, పౌనఃపున్యం పెరుగుతుంది. "అదే కదా నేను చేసేది" అని ఆయన నవ్వారు. ఏ మేర కాస్తే ఎంత మోగుతుందో, ఎక్కడ ఆపకపోతే తోలు చిట్లుతుందో ఆయనకు అరచేతితో తెలుసు. సూత్రం రాయమంటే రాయలేరు. మాకు సూత్రం వచ్చు, కానీ మొన్న ఆయన డప్పు కాచబోయి అంచు కమిలించాం.

గిటారు చెక్కకూ తేమ గుణం అలాంటిదే. గాలి పొడిగా ఉంటే పీచుకు అడ్డంగా కుంచించుకుని పలక చీలుతుంది. తేమ ఎక్కువైతే ఉబ్బి తీగలు మెట్ల మీద నుంచి పైకి లేస్తాయి. తయారుచేసేవాళ్ళు గదిలో తేమ 45 నుంచి 50 శాతం ఉండేలా చూసుకుని పలకను అతుకుతారు. మన ఎండలకు, వానలకు అది ఇంట్లో నిలవదు. అందుకే గిటారును గోడకు తగిలించినా కిటికీ ఎండ పడే గోడకు తగిలించకూడదు. మన రీడింగ్ రూములో అది ప్రస్తుతం పడమటి కిటికీకి ఎదురుగా ఉంది. దయచేసి ఎదుటి గోడకు మార్చండి, మేకు మేము తెచ్చిస్తాం.

మా మేస్త్రీ ఆ రోజు ఊడిన పట్టీలను సన్నని కర్ర పుల్లలు ఆనించి అతికారు. పలక మీది లేచిన పీచును ఒక్కొక్కటే జిగురుతో కూర్చోబెట్టి, బ్రిడ్జిని బిగించి, మూడు రోజులు కదపొద్దన్నారు. డబ్బులు ఇవ్వబోతే జిగురు ఖర్చు మాత్రం తీసుకున్నారు. గిటారు మళ్ళీ పలికింది కానీ మూడో తీగ మీద ఒక స్వరం మొద్దుగా వస్తుంది, మీరు గమనించే ఉంటారు. అది గిటారు లోపం కాదు. కొనిచ్చిన అన్నకు ఫోను చేసి జరిగినదంతా ఈ మధ్యనే చెప్పాం. ఆయన ఒక్క నిమిషం మాట్లాడలేదు. తరవాత "ఇప్పుడు ఎవరు వాయిస్తున్నారు?" అని అడిగారు. తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు బాగా వాయిస్తున్నాడని చెప్పాం.

ఈ వ్యాసంతోపాటు ఒక కొత్త నైలాన్ తీగల సెట్టు వార్డెన్ గారి బీరువాలో ఇచ్చి వెళ్తున్నాం. పాతవి మార్చేటప్పుడు ఆరూ ఒకేసారి విప్పకండి. ఒకటి విప్పి, ఒకటి కట్టి, తరవాత రెండోదానికి పోండి. కొత్త నైలాన్ నాలుగైదు రోజులు సాగుతూనే ఉంటుంది, శృతి దిగిపోతుంది. పాడైందని కంగారుపడకుండా బిరడా మళ్ళీ తిప్పుకోవాలి. మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఆ సెట్టు కూడా అయిపోయి మీరు టౌనుకు వెళ్ళినప్పుడు కవరు మీద నైలాన్, క్లాసికల్ అని రెండు మాటలూ ఉన్నాయో లేదో చూడండి. లేవంటే ఇంకో దుకాణానికి పోండి. అక్కడా లేవంటే మాకు ఫోను చేయండి, నంబరు వార్డెన్ గారి దగ్గర ఉంది.